మీకు తెలుసా? చంటిపాప చెయ్యి ఎందుకలా కదిలింది?

జంషెడ్‌పూర్ కద్మాలో ఒక తెలుగిల్లు అనుకోండి. పద్నాలుగు నెలల పాప అన్నం తింటూ తింటూ ఉన్నట్టుండి కుడిచెయ్యి పైకి విసిరింది. నాయనమ్మ దిష్టి అంది. అమ్మకి ఫిట్సేమోనని గుండె జారింది. తాతయ్య మాత్రం ‘వీళ్ళ నాన్నా చిన్నప్పుడు ఇంతే’ అని పేపరు తిప్పాడు. ఆ ఒక్క విసురు చూసి ఎవరి మాట నిజమో ఎంత గొప్ప డాక్టరైనా తేల్చలేడు. తేల్చడానికి మరికొన్ని సంగతులు కావాలి. అవి ఇంట్లోనే దొరుకుతాయి. వాటి కోసం ఎక్కడ చూడాలో చెప్పే ముచ్చట్లే ఇవి.

ఝట్కా ఒకటే, తెలుగు మాటలు తొమ్మిది

ఉలిక్కిపడడం, జలదరించడం, వణకడం, అదరడం, గుంజుకోవడం, బిగుసుకోవడం, మెలితిరగడం, విదిలించడం, కొట్టుకోవడం. చెయ్యి కదలడానికి మనకి ఇన్ని మాటలున్నాయి. ఒక్కో మాట డాక్టరు ఆలోచనని ఒక్కో దారి పట్టిస్తుంది. అయితే శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉక్కు పనికి జంషెడ్‌పూర్ వెళ్ళి అక్కడే స్థిరపడ్డ కుటుంబాలు ఓపీలో మాట్లాడేది హిందీ. అక్కడ ఈ తొమ్మిదీ కలిసి ‘ఝట్కా’ అయిపోతాయి. మనకి జట్కా అంటే గుర్రబ్బండి, హిందీవాళ్ళకి ఝట్కా అంటే కుదుపు. డాక్టరుకి ఎలాంటి కుదుపో తెలియాలి. చీటీ మీద రాసుకుని వెళ్ళండి: ఉలిక్కిపడితే చౌంక్‌నా, వణికితే కాంప్‌నా, బిగుసుకుంటే అకడ్‌నా, కన్నదిరినట్టు అదిరితే ఫడక్‌నా. సరైన మాట దొరక్కపోతే మీ చేత్తో చేసి చూపించండి. సిగ్గుపడాల్సిన పనేం లేదు.

ఒక తండ్రి రాసిన ఉత్తరం

1841లో లండన్ వైద్యపత్రిక ‘లాన్సెట్’కి ఒక ఉత్తరం వచ్చింది. రాసినాయన కెంట్ ప్రాంతంలోని టన్‌బ్రిడ్జ్ వైద్యుడు విలియం జేమ్స్ వెస్ట్. రోగి ఆయన సొంత కొడుకు. పిల్లవాడికి నాలుగో నెలలో తల కాస్త ముందుకి వాలడం మొదలైంది. పోనుపోను తల మోకాళ్ళ దాకా వంగేది, వెంటనే లేచేది, మళ్ళీ వంగేది. కొన్ని సెకన్లకొకటి చొప్పున ఒక్కో విడతలో 10, 20 సార్లు. విడత మొత్తం 2, 3 నిమిషాలు. అలాంటి విడతలు రోజుకి రెండు మూడు. తండ్రి ఇదంతా లెక్కపెట్టి రాశాడు. జలగలు పట్టించాడు, చిగుళ్ళు కోయించాడు, వేణ్నీళ్ళ స్నానాలు చేయించాడు, విరేచనాల మందూ నల్లమందూ వాడాడు. ఏదీ పనిచెయ్యలేదు. లండన్ తీసుకెళితే సర్ చార్లెస్ క్లార్క్ అనే వైద్యుడు ఇలాంటి పిల్లల్ని ముందే చూశానన్నాడు. వంగి దండం పెట్టినట్టు ఉంటుంది కాబట్టి వాటికి ‘సలాం’ మూర్ఛలని తాను పెట్టుకున్న పేరు చెప్పాడు. పేరైతే దొరికింది గానీ మందు దొరకలేదు. అప్పుడే ఆ బిడ్డని చూసిన మరో వైద్యుడు లోకాక్. 1857లో మూర్ఛకి బ్రోమైడ్ పనిచేస్తుందని లోకానికి చెప్పింది ఈయనే.

సలాంని గుర్తుపట్టేదెలా?

ఆ జబ్బుని ఇప్పుడు వెస్ట్ సిండ్రోమ్ అంటున్నారు. మామూలుగా 3 నుంచి 12 నెలల మధ్య మొదలవుతుంది. రెండో ఏటా కనిపించవచ్చు. రెండు చేతులూ ఒక్కసారిగా విప్పుకుంటాయి, లేదా ఎవరినో కౌగిలించుకున్నట్టు దగ్గరికొస్తాయి. తల వాలుతుంది. ఒక సెకనో రెండో, అంతే. కాసేపాగి మళ్ళీ. నిద్ర లేచిన వెంటనే ఇలా వరసగా రావడం దీని ముఖ్య లక్షణం. గ్యాసు పట్టిందనో, ఉలిక్కిపడుతోందనో ఇంట్లో సరిపెట్టుకుంటారు. అక్కడే రోజులు జారిపోతాయి. అంతవరకు నవ్విన పాప నవ్వు మానేసినా, కూర్చునే పాప కూర్చోలేకపోయినా వచ్చే వారం చూద్దాం అనుకోవద్దు. వెంటనే చూపించాలి. 1958లో బెల్జియం వైద్యులు ఏసీటీహెచ్ అనే హార్మోను ఇంజెక్షను దీనికి పనిచేస్తుందని గమనించారు. ఇప్పుడు ప్రెడ్నిసొలోన్, విగాబాట్రిన్ కూడా వాడుతున్నారు. మందు ఎంత త్వరగా మొదలైతే పిల్లల ఎదుగుదలకి అంత మేలు. ఇంకొక మాట. పాప ఒంటి మీద పాలిపోయిన ఆకు ఆకారం మచ్చలుంటే అడక్కపోయినా డాక్టరుకి చూపించండి. మూర్ఛకి మూలం ఏమిటో కొన్నిసార్లు చర్మం చెబుతుంది.

ఈఈజీకి వెళ్ళేముందు నూనె వద్దు

బిడ్డని ఊరు తీసుకెళుతున్నామంటే మనవాళ్ళు ముందు చేసే పని తలకి నూనె రాసి నున్నగా దువ్వడం. ఈఈజీ పరీక్షకి మాత్రం అది పనికిరాదు. మెదడులోంచి వచ్చే సన్నని విద్యుత్తుని మాడు మీద అంటించిన బిళ్ళలు పట్టుకోవాలి. నూనె ఉంటే అవి సరిగ్గా అతుక్కోవు. అందుకే ముందురోజే తలంటి, నూనె లేకుండా తీసుకురమ్మంటారు. పాపని రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి పొద్దున్నే లేపి తెమ్మని కూడా చెబుతారు. అది పిల్లని ఏడిపించడానికి కాదు. కొన్ని మూర్ఛల గీతలు నిద్రలోనే బయటపడతాయి. మనిషి తల మీంచి ఈఈజీని తొలిసారి రాసింది 1924లో జర్మనీ వైద్యుడు హాన్స్ బెర్గర్. మన దేశంలో తొలి న్యూరోసర్జరీ విభాగం 1949లో వేలూరు సీఎంసీలో డాక్టర్ జాకబ్ చాందీ చేతుల మీదుగా మొదలైంది. పరీక్ష కాగితాల సంచీతో వేలూరు వెళ్ళడానికి కాట్పాడి స్టేషనులో దిగే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి.

ఉలికిపాటుకి గడువుంది

పళ్ళెం చప్పుడైతే పసిబిడ్డ చేతులు బార్లా చాపి, మళ్ళీ దగ్గరికి తెచ్చుకుంటుంది. దీన్ని మోరో రిఫ్లెక్స్ అంటారు. 1918లో దీన్ని వివరించిన ఎర్నెస్ట్ మోరో అంతకు పదేళ్ళ ముందే, విరేచనాలతో చనిపోతున్న పిల్లలకి క్యారెట్ సూపు పట్టి ఎందరినో బతికించి పేరు తెచ్చుకున్నాడు. ఈ ఉలికిపాటు 4 నుంచి 6 నెలలకల్లా పోవాలి. ఏడాది దాటిన పాప చప్పుడేమీ లేకుండా వరసగా అలా చేతులు చాపుతుంటే దాన్ని ఉలికిపాటు అనుకోకూడదు.

భయపడక్కర్లేని జలదరింపు

చల్లని నీళ్ళు వీపున పడ్డట్టు కొందరు పిల్లలు తలా భుజాలూ చేతులూ కలిపి జలదరిస్తారు. అన్నం తినేటప్పుడు, ఉత్సాహం వచ్చినప్పుడు, విసుగు పుట్టినప్పుడు ఎక్కువ. కొన్ని సెకన్లలో ఆగిపోతుంది. పాపకి తెలివి పోదు, ఆట తిరిగి మొదలుపెడుతుంది. ఈఈజీ మామూలుగానే ఉంటుంది. పెరిగేకొద్దీ దానంతట అదే తగ్గుతుంది. నెలల పిల్లల్లో ఇంకొకటి ఉంది: నిద్రలో చేతులు టకటకా కొట్టుకుంటాయి, మేలుకోగానే ఆగిపోతాయి. మెలకువలో ఎప్పుడూ రాకపోవడమే ఇక్కడ ధైర్యం. ఇవి ఫలానా అని పేరు పెట్టడం మాత్రం డాక్టరుకి వదిలెయ్యండి.

పేరు పెట్టి పిలిచి చూడండి

రెండు చేతులూ పక్షి రెక్కల్లా ఆడించే పిల్లలు చాలామంది. సంతోషమొచ్చినా, టీవీ ముందు నిలబడ్డా, తోచకపోయినా అదే. పేరు పెట్టి పిలిస్తే ఆపి చూస్తారు. మూర్ఛ అయితే పిలుపుకి ఆగదు. మెల్లగా చెయ్యి పట్టుకున్నా లోపల అదురు మీకు తెలుస్తూనే ఉంటుంది. చేతులాడించినంత మాత్రాన ఆటిజం కాదు, మామూలుగా ఎదిగే పిల్లల్లోనూ ఈ అలవాటుంది. అయితే పిలిచినా పలక్కపోవడం, కళ్ళలోకి చూడకపోవడం, కావలసినదాన్ని వేలితో చూపించకపోవడం కూడా తోడైతే చేతుల సంగతి పక్కన పెట్టి ఎదుగుదల పరీక్ష చేయించాలి.

కదిలే చెయ్యి కాదు, కదలని చెయ్యి

జంషెడ్‌పూర్ సాక్చీ బజారులో రోడ్డు దాటుతూ పాపని ఒంటిచేత్తో గుంజారు. జూబ్లీ పార్కులో చెరో చెయ్యీ పట్టుకుని ఊయలూపారు. ఆ తర్వాత పాప ఆ చెయ్యి ఎత్తదు, ఒంటికి ఆనించి ఉంచుతుంది. వాపుండదు, కదిపితే ఏడుస్తుంది. 1 నుంచి 4 ఏళ్ళ పిల్లల్లో ఇది సర్వసాధారణం. మోచేతి దగ్గర ముంజేతి ఎముక కొనని చుట్టి పట్టుకునే ఉంగరంలాంటి కట్టు (లిగమెంట్) ఆ వయసులో వదులుగా ఉంటుంది, లాగితే జారుతుంది. ఇంగ్లీషులో దీని పేరుకి అర్థం ‘ఆయా మోచెయ్యి’. పెద్దలు కుడిచేత్తో పట్టుకుంటారు కాబట్టి పిల్లలకి ఎక్కువగా ఎడంచేతికే వస్తుంది. తెలిసిన డాక్టరు ముంజేతిని ఒక్క తిప్పు తిప్పితే చిన్న చప్పుడై సర్దుకుంటుంది. కొద్ది నిమిషాల్లో పాప అదే చేత్తో బిస్కెట్ అందుకుంటుంది. అయితే పడిపోయి ఉన్నా, వాపున్నా విరిగిందేమో ముందు చూడాలి. అలాంటప్పుడు ఇంట్లో తిప్పడం, తోమడం, గట్టిగా కట్టడం కూడదు. ఇకముందు ఎత్తాలంటే చంకల కింద చేతులు వేసి ఎత్తండి.

ఏడాది లోపు ఎడంచేతి వాటం ఉండదు

‘మావాడు ఎనిమిదో నెలనుంచే ఎడంచేతి వాటం’ అని మురిసిపోతుంటారు. పిల్లలు తొలి ఏడాది రెండు చేతులూ ఇంచుమించు సమానంగా వాడతారు. అంత ముందే ఒక చేతినే వాడుతుంటే రెండో చెయ్యి ఎందుకు రావడం లేదని అడగాలి. ఆ చెయ్యి పిడికిలి బిగిసి ఉంటుందా? పాకేటప్పుడు వెనకబడుతుందా? మెదడులో ఒక పక్క పుట్టుకకి ముందో, పుట్టినప్పుడో దెబ్బతిని ఉంటే ఇలా బయటపడుతుంది. కాన్పులో భుజం ఇరుక్కుని నరాలు సాగినా ఆ చెయ్యి వాలిపోతుంది. రెంటికీ ఫిజియోథెరపీ త్వరగా మొదలుపెడితే ఆ చేతికి పని నేర్పవచ్చు.

ఇనుము చాలని చోట

మన దేశంలోనే గుర్తించి వర్ణించిన వణుకు ఒకటుంది. 1957లో దీక్షిత్ అనే వైద్యుడు రాసిన వ్యాసంతో వెలుగులోకి వచ్చింది. 6 నెలల నుంచి 2 ఏళ్ళ లోపు పిల్లలు. రక్తం తక్కువై పాలిపోతారు, వేళ్ళ కణుపులు నల్లబడతాయి, జుట్టు పలచబడి గోధుమరంగుకి తిరుగుతుంది, వచ్చిన ఆటలు మరిచిపోతారు. ఆపైన చేతులూ తలా వణుకుతాయి, నిద్రపోతే ఆగుతాయి. చాలామందిలో ఇది బీ12 విటమిన్ లోపం. తల్లిలో ఆ విటమిన్ తక్కువైతే పాలలోనూ తక్కువే. బిడ్డకి వేరే తిండి అలవాటు చెయ్యకుండా పాలమీదే ఉంచితే లోటు పెరుగుతుంది. ఇలాంటి తల్లీబిడ్డల సంగతిని వేలూరు వైద్యులు 1962లో లాన్సెట్‌లో ప్రచురించారు.

రక్తం తక్కువంటే ఇనుము టానిక్కే గుర్తొస్తుంది. ఊరంతా ఇనుము కరిగించే జంషెడ్‌పూర్‌లోనైనా ఈ పాపకి ఇనుమొక్కటే సరిపోదు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం 1945లో తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం కూడా ఒంటరిగా చాలదు. అది రక్తాన్ని బాగుచేస్తుంది గానీ బీ12 లేక దెబ్బతినే నరాలని కాపాడలేదు. సరైన మందు పడ్డాక పిల్లల ముఖంలో కళ త్వరగానే వస్తుంది. ఒకటి గుర్తుంచుకోండి. ఇంజెక్షన్లు మొదలైన కొత్తలో కొందరికి వణుకు పెరగవచ్చు, కొత్తగా మొదలు కావచ్చు కూడా. బెదిరి మందు మానెయ్యకుండా డాక్టరుకి చెప్పండి.

తాళాల గుత్తితో మూర్ఛ ఆగదు

జ్వరం వచ్చి చెయ్యీ కాలూ కొట్టుకుంటే చేతిలో ఇనుప తాళాలు పెట్టడం మన ఇళ్ళలోనూ ఉంది, ఉత్తరాదిలోనూ ఉంది. మూర్ఛ చాలాసార్లు రెండు మూడు నిమిషాల్లో దానంతట అదే ఆగుతుంది. పేరు మాత్రం తాళాలకి వస్తుంది. 6 నెలల నుంచి 5 ఏళ్ళ పిల్లల్లో జ్వరంతో వచ్చే మూర్ఛ మామూలే, చాలావరకు ప్రమాదం లేనిదే. చెయ్యాల్సింది కొంచెమే: పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో నీళ్ళూ చెంచా ఏదీ పెట్టకూడదు, గడియారం చూడాలి. 5 నిమిషాలు దాటితే 108కి ఫోను చేసి ఆసుపత్రికి పరుగెత్తాలి. ఆగినా సరే, తొలిసారైతే చూపించాలి. జార్ఖండ్‌లో మలేరియా ఉంది. అక్కడ జ్వరంతో మూర్ఛ వస్తే మలేరియా రక్తపరీక్ష తప్పనిసరి. మెదడుకెక్కే మలేరియా ఆగి చూసేంత సమయమివ్వదు.

బాలగ్రహమన్న మాటలో ఎంత చూపుంది!

సుశ్రుత సంహిత బాలగ్రహాలని తొమ్మిదిగా లెక్కపెట్టింది. వాటిలో స్కందాపస్మారం ఒకటి. బిడ్డకి తెలివి పోయి తిరిగి వస్తుందని, చేతులూ కాళ్ళూ నాట్యం చేస్తున్నట్టు కదులుతాయని అందులో వర్ణన. కారణం గ్రహమన్నారు, అది ఆ కాలపు తెలివిడి. చూసిన తీరు మాత్రం నేటి డాక్టరు అడిగే ప్రశ్నకి అచ్చంగా జవాబు: తెలివుందా, పోయిందా, మళ్ళీ వచ్చిందా? నాయనమ్మ దిష్టి తీస్తానంటే తియ్యనివ్వండి. తీస్తూ ఆవిడ చూసినదేమిటో కూడా అడగండి. పిల్లని రోజంతా ఎత్తుకునే మనిషి ఆవిడే.

వాంతుల మందు, మెలితిరిగిన చెయ్యి

వాంతులు తగ్గడానికి ఇచ్చే మెటోక్లోప్రమైడ్‌లాంటి మందులు కొందరు పిల్లలకి పడవు. మెడ ఒక పక్కకి తిరుగుతుంది, కళ్ళు పైకి లేస్తాయి, చెయ్యి మెలితిరుగుతుంది. తెలివి ఉంటుంది. చూసేవాళ్ళకి ఫిట్స్ అనిపిస్తుంది. విరుగుడు మందుతో త్వరలోనే తగ్గుతుంది. కానీ ఏం మందు వేశారో చెప్పేవాళ్ళుండాలి. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఇంట్లో సీసాలన్నీ సంచీలో వేసుకెళ్ళండి, పక్కింటివాళ్ళు ఇచ్చిన మాత్రతో సహా.

వైద్యం హక్కుగా వచ్చిన ఊరు

టాటా ఉక్కు కంపెనీ 1907లో పుట్టింది. దాని ఆసుపత్రి మరుసటి ఏడే చిన్న వైద్యశాలగా మొదలైంది. అదే ఇప్పటి టాటా మెయిన్ హాస్పిటల్. కార్మికులకి ఉచిత వైద్యం 1915లో వచ్చింది. ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టింది ఆ తర్వాత, 1919లో! కంపెనీ పని లేని కుటుంబాలకి ఎంజీఎం మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. ఆ కాలేజీ వయసు 1961 నుంచి లెక్క. పుట్టిన దగ్గర్నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లల లోపాలనీ ఎదుగుదల జాప్యాన్నీ ముందే పట్టుకునేందుకు కేంద్రం 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం తెచ్చింది. అంగన్‌వాడీకి వచ్చే బృందానికి ‘మా పాప చెయ్యి ఇలా కదులుతోంది’ అని చెబితే చాలు, జిల్లా కేంద్రానికి పంపే దారి వాళ్ళకి తెలుసు.

ఫోను ఎటు పట్టాలి?

డాక్టరు ముందు కూర్చోగానే పాప చెయ్యి బుద్ధిగా ఉంటుంది. అది ప్రతి ఇంటి అనుభవమే. అందుకే ఫోను తియ్యండి. ఒక్క చెయ్యి మీదే పెట్టకుండా ముఖమూ కళ్ళూ ఒళ్ళంతా కనబడేలా పట్టండి. దుప్పటి తొలగించండి, దీపం వెయ్యండి. మధ్యలో ఒకసారి పేరు పెట్టి పిలవండి, పిలుపుకి పాప ఏంచేసిందో కూడా అందులో పడుతుంది. ఆగాక ఇంకో నిమిషం తియ్యండి. పాప నవ్విందా, మత్తుగా పడుకుందా అన్నదానికి విలువెక్కువ. ఎప్పుడు, ఎంతసేపు, ఎన్నిసార్లు, నిద్రలోనా మెలకువలోనా, ముందేం తింది అనేవి క్యాలెండరు మీద రాయండి. మూర్ఛ నిమిషాల తరబడి సాగుతుంటే మాత్రం ఫోను పక్కన పడేసి బిడ్డని చూసుకోండి.

టన్‌బ్రిడ్జ్ తండ్రి దగ్గర కెమెరా లేదు. కలం పట్టుకుని ఇన్ని సెకన్లు, ఇన్ని సార్లు, ఇన్ని విడతలని రాశాడు. ఆయన వాడిన మందుల్లో ఒక్కటీ ఇవాళ ఈ జబ్బుకి ఎవరూ వాడరు. ఆయన వేసుకున్న లెక్కని మాత్రం పిల్లల డాక్టర్లు ఇప్పటికీ చదువుతారు. కద్మా పాప అమ్మ చేతిలో ఉన్న చీటీ కూడా ఆ వరసలోదే.